మండెలో చెయ్యి

మా చిన్న మామగారు పోయారని కోదాడ నుంచి కబురు వచ్చిన పొద్దున నేను వంటింట్లో నిలబడి ఆయన్నే తిట్టుకుంటున్నాను. పాయసం వండే పెద్ద ఇత్తడి బోగాణి కనిపించడం లేదు. గూళ్లు, అటక, ఆఖరికి దేవుడి గది కూడా వెతికాక, అది పెరట్లో నీళ్ల గోలెం వెనకాల బోర్లించి దొరికింది. ఎత్తి చూస్తే కింద తడిగుడ్డ, గుడ్డ మీద ఉలవలు, ఒక్కొక్క ఉలవకు బెత్తెడు పొడుగున పాలిపోయిన మొలక. వెలుతురు లేకపోతే మొలక ఎంత దూరం సాగుతుందో చూడాలని పెట్టి, నాకు ఒక్క మాట చెప్పకుండా, కూతురిని చూసి వస్తానని కోదాడ వెళ్లిపోయారు. "రానీ, ఈసారి పెద్దా చిన్నా చూడను" అనుకుంటుండగానే కోదాడ దగ్గరి చిలుకూరు నుంచి మా చుట్టం ఒకాయన వచ్చాడు. చెంబుతో నీళ్లిస్తే కాళ్లు కడుక్కోలేదు. అప్పుడే నాకు తెలిసిపోయింది.

"నిన్న పొద్దుమూకంగ పోయిండమ్మా పంతులు," అన్నాడు. "మనుమరాలికి ఏందో చెప్పుకుంట చెప్పుకుంటనే గోడకు ఒరిగిండట."

నేను బోగాణి చేతిలో పట్టుకునే నిలబడ్డాను. విసుక్కోవడానికి మనిషి లేడని తెలిసినంత మాత్రాన విసుగు ఒక్కసారిగా దిగదు. ఇది రాస్తున్న ఈ రోజుకు కూడా పూర్తిగా దిగలేదు. పోయినవారి గురించి రాసేటప్పుడు అందరూ వాడే మెత్తటి మాటలు నాకు రావడం లేదు. చదివేవారు మన్నించాలి.

ఆయన మా వారికి పినతండ్రి. ఉద్యోగమంతా సూర్యాపేట పెద్దబడిలో సైన్సు చెప్పారు. చిన్న అత్తగారు పోయి, పెన్షన్ పుచ్చుకున్నాక, ఒక ట్రంకు పెట్టె, ఒక భూతద్దం పట్టుకుని మిర్యాలగూడలో మా ఇంటికి వచ్చి ఉన్నారు. వీధిలో అందరూ పంతులు అనేవారు. మాకు వేములపల్లిలో చెరువు కింద కొంత పొలం ఉంది. దాని వడ్లు ఇంటికి రావడం, గరిసెలో పొయ్యడం, దంపుకు తియ్యడం, విత్తనానికి వేరు చెయ్యడం, అన్నీ నా చేతి మీదుగానే జరుగుతాయి. ఎంత పోసింది, ఎంత తీసింది ఏ నెలకు ఆ నెల రాసి పెట్టుకోవడం నాకు పెళ్లయినప్పటి నుంచీ అలవాటు. నా ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ ఉండాలో అక్కడే ఉండేది. ఆయన వచ్చేదాకా.

పొయ్యి లేకుండా వేడి ఎక్కడ ఉంటే అక్కడ చెయ్యి పెట్టడం ఆయన అలవాటు. పెంటకుప్పలో మోచేతి దాకా పెట్టేవారు. తడిసిన గడ్డివాములో పెట్టేవారు. దూడ చెవులు పట్టుకుని నిలబడేవారు. పులిసే పిండి మీద అరచెయ్యి ఆనించేవారు. పెంటకుప్పలో పెట్టిన చెయ్యినే పిండి మీద పెట్టారా, మధ్యలో కడిగారా అన్నది నాకు ముఖ్యం. ఆయనకు కాదు.

"మామా, చెయ్యి కడిగిన్రా?"

"కడిగిన బిడ్డా, కడిగిన. జర ఇటు రా. గీ పిండి కింద నిప్పుందా?"

"లేదు."

"మరి ఎచ్చగ ఎట్లున్నది?"

"పులుస్తున్నది గదా మామా. ఎచ్చగనే ఉంటది."

"ఉంటది గనుక ఉంటదా! బడిల గిట్ల చెప్పిననాడు బెంచి మీద నిలబెడుతుంటి."

పెద్దపిల్లకు పెళ్లి చేసి పంపిన నన్ను పట్టుకుని, నా వంటింట్లో, బెంచి మీద నిలబెడతానన్నారు.

వచ్చిన ఏడాది చిక్కుడు పాదుతో మొదలుపెట్టారు. పందిరి మీద ఆకులకు సగం సగం నల్లగుడ్డ పీలికలు కట్టారు. ఆ గుడ్డ మా వారి గొడుగుది. పాతదే, కానీ ఇంకో వానకాలం పనికొచ్చేది. పక్కింటావిడ గోడ మీదుగా చూసి, "ఏందక్కా, మీ మామకు మంత్రాలొస్తయా? దిష్టికైతే గుమ్మానికి గడ్తరు గని, చిక్కుడాకుకు గడ్తరా?" అని అడిగింది. ఏమి చెప్పను? ఎండ బాగా కాసిన రోజు సాయంత్రం ఆ ఆకులు తెంపి, నీళ్లలో ఉడికించి, పచ్చదనం దిగడానికి స్పిరిట్ కావాలన్నారు. దవాఖాన కంపౌండరు ఇవ్వనన్నాడు. అంతే, పొలం పనులు చూసే మా జీతగాడిని పంపి ఇప్పసారా తెప్పించారు. తలస్నానం చెయ్యకుండా పొయ్యి అంటించని మా అత్తగారి వంటింట్లోకి సారా సీసా వచ్చింది.

"ఓ పంతులూ! నీ అన్న బతికున్నన్నాళ్లు గీ గడప లోపల కల్లు ముంత పెట్టనియ్యలె. నువ్వు సారా ఎచ్చవెడుతున్నవా?"

"తాగెటందుకు గాదు వదినె. ఆకుకు తాపెటందుకు."

"ఆకుకు తాపుతడట! గొడ్లకు గూడ తాపు, ఒడిసిపోతది."

పాలిపోయిన ఆకుల మీద ఆయన గాయాలకు పూసే టింక్చరు అయోడిన్ చుక్కలు వేశారు. గుడ్డ కట్టిన సగం అట్లాగే ఉంది. ఎండ తగిలిన సగం నీలంగా, నల్లగా తిరిగింది. అదే టింక్చరు అన్నం మెతుకు మీద వేస్తే అదే రంగు.

"సూసిన్రా? ఎండ తగిలిన కాడ గంజి ఉన్నది, తగలని కాడ లేదు. ఆకు వంట చేస్తదమ్మా. గాలి, నీళ్లు దాని సరుకులు. ఎండ దాని కట్టెలు. మనమంత ఆకు వండి పెట్టిందే తింటున్నం."

"వండితె వండింది మామా," అన్నాను, "దాని గిన్నెలు అదే కడుక్కుంటది. మీరు పాడుచేసినయ్ నేను కడగాలె."

మా అత్తగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆయనతో వచ్చిన ఇంకో చిక్కు భాష. చదివింది ఉర్దూలో, చెప్పింది ఉర్దూలో. సైన్సుకు తెలుగు మాటలు ఆయన నోటికి వచ్చేవి కావు. ఆకు గానీ, గింజ గానీ, మనిషి గానీ, కంటికి కనపడనంత చిన్న చిన్న అరలతో కట్టి ఉంటుందట. ఆ అరను వాళ్ల పుస్తకాల్లో 'ఖలియా' అంటారట. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మా అత్తగారు బియ్యం చెరుగుతున్నారు.

"పానమున్న ప్రతిదాని ఒంట్లె ఖలియా ఉంటది వదినె."

"ఖాళీయా?"

"ఖాళీ గాదు. ఖలియా."

"నేనదే అడుగుతున్న. ఖాళీయా, నిండనా?"

"నిండ ఉంటది! బిల్కుల్ ఖాళీ ఉండదు!"

"మరి నిండ ఉన్నదానికి ఖాళీ అని పేరెందుకు వెట్టిన్రు?"

ఆయన తల పట్టుకున్నారు. మా అందరిచేత తలలు పట్టించిన మనిషి తన తల పట్టుకోవడం అదే మొదలు. నాకు కొంచెం హాయిగానే అనిపించింది. అప్పటి నుంచి ఆ మాట ఇంట్లో ఎగతాళి అయిపోయింది. మజ్జిగ అయిపోతే మా చిన్నపిల్ల "నానమ్మా, కుండ ఖలియా!" అని అరిచేది.

ఆయన వదలలేదు. ఒక్కొక్క ఖలియాలో ఒక చిన్న గరిసె, ఒక చిన్న పొయ్యి ఉన్నాయనుకోండి అనేవారు. తిన్నది ఆ గరిసెకు చేరుతుంది, ఆ పొయ్యిలో మండుతుంది. మనం పీల్చే గాలి ఆ పొయ్యికే పోతుంది. మంట మాత్రం కనపడదు. కట్టెలన్నీ ఒక్కసారి అంటుకుంటే ఇల్లే కాలుతుంది గనుక ఒళ్లు కొంచెం కొంచెంగా మండించుకుంటుందట. "ఒక్కపారి మండితె మంట, ముద్ద ముద్ద మండితె పానం," అనేవారు. ఆ మాట నాకు నచ్చింది. నచ్చిందని ఆయనతో అనలేదు. అంటే ఇంకో గంట చెప్పేవారు, పొయ్యి మీద పప్పు మాడేది.

ఇక మండె సంగతి. నారుమడికి విత్తనం ఎట్లా సిద్ధం చేస్తారో పట్నంలో ఉండేవారికి తెలియకపోవచ్చు. వడ్లు నానబోసి, నీళ్లు వంచి, గడ్డి పరిచిన గంపలో పోస్తారు. పైన మళ్లీ గడ్డి, గోనె కప్పి బరువు పెడతారు. దాన్నే మండె కట్టడం అంటారు. కింద నిప్పు ఉండదు, పైన ఎండ తగలదు. అయినా మర్నాటికి లోపల చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది. గింజలన్నీ తెల్లగా ముక్కులు బయట పెడతాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్న పనే. అందులో ఆశ్చర్యపోవలసింది ఏదో ఉందని మాలో ఎవరికీ తోచలేదు. ఆయనకు తోచింది.

"మండుతున్నది గనుకనె మండె అన్నరు బిడ్డా! నా పుస్తకాలల్ల నేను ఎతికిన మాట మన కాపోళ్ల నోట్లనే ఉన్నది."

మండెకూ మండడానికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. ఆయనకు కూడా తెలియదనే నా అనుమానం. కానీ ఆ రోజు నుంచి మండె మీద ఆయన కన్ను పడింది.

ఆ వానకాలం విత్తనాన్ని ఆయన చేతికి అప్పగించింది మా వారు. వేడి బయటికి పోకుండా ఆపితే మొలక తొందరగా వస్తుందన్నారు మామగారు. గంపకు బదులు పెద్ద కాగులో నానిన వడ్లు పోయించి, మూతి మీద మూకుడు బోర్లించి, చుట్టూ తడి మట్టితో మెత్తించారు. చీమ దూరే సందు కూడా లేదు. జీతగాడు వద్దన్నాడు. అత్తగారు వద్దన్నారు. నేను చెప్పడం మానేసి అప్పటికి చాలా కాలమైంది.

మూత తీసిన పొద్దున పెరడంతా పులిసిన వాసన. జీతగాడు పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, "పంతులూ, గిది నారుమడికి పనికి రాదు. ఈతచెట్ల కింద కల్లోళ్ల కాడికి కొంటవోదమా?" అన్నాడు. ఒక్క గింజ మొలవలేదు.

అప్పుడు ఆయన మొహం చూడాలి. సిగ్గుపడవలసిన చోట కళ్లు మెరుస్తున్నాయి.

"గాలి ఆపినం. ఆపితె మంట సగంలనె ఆగిపోయింది. తక్కిన సగం యాడవోయిందనుకున్నరు? గీ కల్లు వాసనల ఉన్నది. సారా పొయ్యిల పోస్తె భగ్గుమనదా? గా మంట వడ్లదే! గింజకు అక్కెరకు రాలె, గంతె."

"గింజకు రాలె, నారుమడికి రాలె," అన్నారు అత్తగారు. "మా కడుపులల్లకు మాత్రం మస్తుగ వచ్చింది పంతులూ, గా మంట."

ఆ ఏడు విత్తనానికి చిలుకూరు చుట్టాల ముందు చెయ్యి చాచాము. నారు ఆలస్యం, నాటు ఆలస్యం, చివరి తడికి చెరువు నీళ్లు అందలేదు. గరిసె ఎంత వెలితిగా ఉందో నా లెక్కల్లో ఉంది. ఆయనకు ఎత్తి చూపలేదు. మరిచిపోనూ లేదు.

అప్పటి నుంచి ఇంట్లో ఆయన మాటకు విలువ పోయింది. మనిషి మీద గౌరవానికి లోటు లేదు. విస్తరి ముందు ఆయనకే వేసేవాళ్లం. కానీ ఆయన ఏదైనా చెప్పబోతే అత్తగారు "కాగు" అనేవారు. ఆ ఒక్క మాటే. ఆయన నోరు మూసుకునేవారు.

ఆ వెంటనే వచ్చిన యాసంగిలోనే, రెండో పంట వేళ, మా చిన్నపిల్లకు జ్వరం తగిలింది.

మియాదీ జ్వరం, అంటే టైఫాయిడ్, అన్నారు. గడువు తీరేదాకా దిగదు. అప్పుడు దారులు బాగాలేవు. ఊళ్లల్లో గడబిడ, పొద్దుగూకక ముందే తలుపులు వేసుకునే రోజులు. మా ఊరి దవాఖానలో కంపౌండరే తప్ప డాక్టరు లేడు, సూర్యాపేట దవాఖానకు బండి కట్టమంటే ఏ బండివాడూ ఒప్పుకోలేదు. ఊళ్లో ఉన్న వైద్యుడే దిక్కు. ఆయన నాడి చూసి, మాత్రలిచ్చి, జ్వరం దిగేదాకా లంఖణం అన్నారు. కాచిన నీళ్లు తప్ప పిల్ల నోట్లో ఏదీ పడకూడదు.

లంఖణం మాకు కొత్త కాదు. జ్వరం వస్తే అన్నం మాన్పించడం అందరి ఇళ్లల్లో ఉన్నదే. కానీ ఈ జ్వరం దిగే జ్వరం కాదు. పిల్ల మొదట్లో అన్నం కోసం ఏడ్చింది. తరువాత ఊరికే ఏడ్చింది. ఆ తరువాత ఏడవడం మానేసింది. చేతి గాజులు మోచెయ్యి దాకా జారుతున్నాయి. మణికట్టు పట్టుకుంటే నా వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. ఒళ్లు మాత్రం అట్లాగే కాలుతోంది.

చిన్న మామగారు గది గుమ్మంలో కూర్చునేవారు. పుస్తకం లేదు, భూతద్దం లేదు. ఒక మధ్యాహ్నం లేచి నిలబడ్డారు.

"వదినె, పిల్లకు గంజి పొయ్యాలె."

"కాగు," అన్నారు అత్తగారు.

ఈసారి ఆయన నోరు మూసుకోలేదు. "కాగే. విత్తనం సంపింది నేనే. అయినా సరె, గంజి పొయ్యాలె."

"విత్తనం సంపినట్టు పిల్లను గూడ సంపుతవా? వడ్లయితె చిలుకూరుల దొరికినయ్. పిల్ల యాడ దొరుకుతది?"

ఆయన ఆ మాట పడ్డారు. గోడకేసి చూస్తూ నిలబడ్డారు.

మా అత్తగారు కఠినమైన మనిషి కాదు. ఆమె తొలిచూలు కొడుకు, మా వారికి అన్న, ఇదే జ్వరంలో, ఇంచుమించు ఇదే వయసులో పోయాడు. ఆకలికి ఆగలేక, ఎవరూ చూడకుండా చట్టిలో చెయ్యి పెట్టి పిడికెడు అన్నం తిన్నాడట. కడుపు ఉబ్బింది. మర్నాటికి లేడు. ఇన్నేళ్లుగా ఆమె ఆ పిడికెడు అన్నాన్ని మరిచిపోలేదు. ఆ సంగతి మామగారికి తెలియనిది కాదు. ఆ పిల్లవాడిని చేతుల మీద మోసుకుపోయింది ఆయనే.

మరి నేనెటు? ఒక పక్క బిడ్డను పోగొట్టుకున్న తల్లి. ఇంకో పక్క కాగు మూతికి మట్టి మెత్తిన మనిషి. నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండిపోతోంది. ఏదీ తేల్చుకోలేని నా మీద అంతకంటే ఎక్కువ. నాకు తెలిసిన విద్య ఒక్కటే. గరిసెలోంచి తియ్యడమే తప్ప పొయ్యడం లేకపోతే అడుగు కనపడుతుంది. అడుగు ఎంత దగ్గరికి వచ్చిందో పిల్ల గాజులు చెబుతున్నాయి.

ఆ రోజు పెరట్లో యాసంగి మండె ఉంది. జీతగాడు కట్టింది, గంపలో, పద్ధతిగా. మామగారు గోడ దగ్గర నుంచి వచ్చి అత్తగారి చెయ్యి పట్టుకున్నారు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ఆయన వదినె చెయ్యి పట్టుకోవడం ఎన్నడూ చూడలేదు. ఆమె విదిలించుకోలేదు. బిత్తరపోయారేమో. పెరట్లోకి తీసుకుపోయి, గోనె తొలగించి, ఆ చెయ్యి మండెలో పెట్టారు. నేను వాళ్ల వెనకాలే వెళ్లాను.

"ఎచ్చగున్నదా?"

"ఉండదా? మండె గదా."

"కింద నిప్పుందా?"

"నాకు పాఠాలు చెప్పకు పంతులూ."

"పాఠం గాదు వదినె, అడుగుతున్న. నాకంటె నీకే ఎక్కువ తెల్సు. గీ మండెను నారుమడిల చల్లకుంట గిట్లనె పెట్టి మరిచిపోయినమనుకో. ఏమయితది?"

అత్తగారు కాపు ఇంట్లో పుట్టినావిడ. ఆలోచించకుండానే చెప్పారు. "ఏమయితది? గింజల ఉన్న పాలు గింజనే తాగుతది. పొట్టు మిగుల్తది."

"పొట్టు మిగుల్తది," అన్నారు ఆయన. "లోపట పిల్ల ఒళ్లు పట్టి సూడు. గిదే ఏడి. ఇంక జర ఎక్కువ. నిప్పు లేదు, ఎండ లేదు, తిండి మనం బందు వెట్టినం. మరి ఏం మండుతున్నది వదినె? ఖలియాలు ఖాళీ అయితున్నయ్."

ఆ మాట మీద ఇంట్లో ఎంత నవ్వుకున్నామో. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

అత్తగారు మండెలోంచి చెయ్యి తియ్యలేదు. "నా పెద్దోడు అన్నం తినె గద పోయింది," అన్నారు. ఆమె అంత చిన్న గొంతుతో మాట్లాడడం నేను అంతకు ముందు ఎన్నడూ వినలేదు.

"మెతుకు తిన్నడు. పుండువడ్డ పేగు మీద మెతుకు వడ్డది. నేను మెతుకు పెట్టమంటలేను. గంజి. పలుచగ. గుడ్డల వడగట్టి, చెంచతోని." కొంచెం ఆగి అన్నారు. "కాగుల గాలి ఆపిన. తెల్వక ఆపిన, గింజ సచ్చింది. ఇప్పుడు తెల్సి గూడ ఊకుంటె ఎట్ల వదినె?"

అత్తగారు చెయ్యి బయటికి తీశారు. అరచేతికి, వేళ్లకు మొలక గింజలు అంటుకుని ఉన్నాయి. వాటిని కాసేపు చూశారు. ఒక్కొక్కటే తీసి మళ్లీ మండెలో వేశారు. తరువాత నా వైపు తిరిగి, తప్పంతా నాదే అయినట్టు అరిచారు.

"నిలవడి సూస్తవేందే? గంజి కాయి. పలుచగ. మెతుకు కనవడిందో, నీ సంగతి చెప్త!"

నేను పరుగెత్తాను. పాత ధోవతి చింపి గంజి వడగట్టాను. వడగట్టినదాన్ని మళ్లీ వడగట్టాను. అంతలో మామగారు పక్కకు వచ్చి, జేబులోంచి టింక్చరు సీసా తీసి, "ఒక్క చుక్క ఏసి సూద్దమా బిడ్డా, ఎంత గంజి దిగిందో?" అన్నారు.

"గా సీస పారేస్తవా, నిన్నే పారెయ్యాల్నా?" అన్నారు అత్తగారు గుమ్మంలోంచి. ఆయన సీసా జేబులో పెట్టుకున్నారు.

మొదటి చెంచా అత్తగారే పోశారు. సగం చెంప మీద పోయింది. తక్కిన సగం లోపలికి పోయింది. పిల్ల గొంతు కదిలింది. మా ముగ్గురి కళ్లూ ఆ గొంతు మీదే ఉన్నాయి.

ఒక్క రోజులో ఏమీ జరగలేదు. పొద్దున చెంచాలు, మధ్యాహ్నం చెంచాలు, పొద్దుగూకే వేళకు చెంచాలు. కొన్నాళ్లకు పిల్ల మళ్లీ ఏడ్చింది. ఏడుపు వింటే అంత సంతోషం కలుగుతుందని నేను అనుకోలేదు. ఆ తరువాత జ్వరం తనంతట తాను దిగింది. వైద్యుడు వచ్చి చూసి, "గడువు తీరింది, దిగింది" అన్నారు. మామగారు ఎదురు చెప్పలేదు. వైద్యుడు వెళ్లాక నాకే ఉండబట్టలేదు.

"మీరేమనరేంది మామా?"

"ఆయనన్నది నిజమే బిడ్డా. జరం దాని గడువుకే దిగింది. గప్పటిదాక పొయ్యి ఆరకుంట సూసినం. మనం చేసింది గంతె."

ఇంత జరిగాక ఆయన మారారనుకుంటే పొరపాటు. పిల్ల కోలుకుంటుంటే వడ్లు తూచే పెద్ద తక్కెడలో ఒక పళ్లెంలో పిల్లను కూర్చోబెట్టి, ఇంకో పళ్లెంలో వడ్లు పోసి తూచేవారు. "నిన్నటికంటె ఒక పిడికెడు ఎక్కువ తూగింది!" అని వీధిలో వినపడేలా అరిచేవారు. ఆ వడ్లు మళ్లీ గరిసెలో పొయ్యరు. పెరట్లోనే వదిలేస్తారు, పిట్టలు తింటాయి. అడిగితే, "పిట్టల కాడ గూడ పొయ్యి ఉన్నది బిడ్డా," అంటారు. నువ్వన్నదే నిజమైందని అత్తగారు ఆయనతో ఎన్నడూ అనలేదు. "కాగు" అనడం మాత్రం మానేశారు. ఆ తరువాత ఎప్పుడు మండె కట్టినా, ఎవరూ చెప్పకుండానే వెళ్లి ఒకసారి చెయ్యి పెట్టి చూసేవారు.

కబురు వచ్చిన రోజే మేమంతా కోదాడ వెళ్లాము. ముందు గదిలో చాప మీద పడుకోబెట్టారు. ఆయన మనుమరాలు ఒక మూల కూర్చుని ఉంది, మా చిన్నపిల్ల ఈడుది. తాత ఏం చెబుతుండగా పోయాడని అందరూ అడుగుతుంటే విసిగిపోయి ఉంది. నేనూ అడిగాను.

"చెప్పలేదు, అడిగాడు," అంది. కోదాడ పిల్ల, మాట కొంచెం బెజవాడ వైపుది. "మనిషి ఏ పనీ చేయకుండా నిద్రపోతున్నా ఒళ్లు వెచ్చగా ఎందుకుంటుందో ఆలోచించి చెప్పు అన్నాడు. కళ్లు మూసుకున్నాడు. నేను ఆలోచిస్తూ కూర్చున్నా. తెలిసిందని చెప్దామని చెయ్యి పట్టుకుంటే..."

తన అరచెయ్యి తిప్పి చూసుకుంది.

చూశారా ఆయన పద్ధతి? ప్రశ్న అడిగి జవాబు వినకుండా వెళ్లిపోవడం. నేను ఆ చాప పక్కన నిలబడి కూడా విసుక్కున్నాను. ఏడుపు ఆ తరువాత వచ్చింది.

అత్తగారు ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నారు. "ఎంత సల్లగున్నవ్ పంతులూ," అన్నారు. చాలాసేపు ఆ చేతిని తన రెండు అరచేతుల మధ్య రుద్దుతూ కూర్చున్నారు, చలికి వచ్చిన పిల్లవాడి చేతిని రుద్దినట్టు.

దహనం అయిన మర్నాడు ఇంటికి వచ్చాక బోగాణి తోముకుని గూట్లో పెట్టుకున్నాను. ఉలవలు మాత్రం పారెయ్యలేదు. ఎందుకు పారెయ్యలేదని అడిగితే నా దగ్గర లెక్క లేదు. గోలెం వెనకాల నుంచి తెచ్చి ఎండ తగిలే గట్టు మీద పెట్టాను. పాలిపోయిన మొలకలు పచ్చబడ్డాయి. అది ఎట్లా జరిగిందో ఆయన ఉంటే చెప్పేవారు. నేను వినకుండా పప్పు కలుపుతూ ఉండేదాన్ని.

ఇప్పుడు మళ్లీ యాసంగి. నిన్న పొద్దున మండె విప్పవలసి ఉంది. వేములపల్లిలో నారుమడి దున్ని, నీళ్లు పెట్టి సిద్ధంగా ఉంది. జీతగాడు బండి కట్టి గుమ్మం ముందు నిలబెట్టాడు. నేను పెరట్లోకి వెళ్లేసరికి అత్తగారు మండె పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. చెయ్యి మోచేతి దాకా లోపల ఉంది. మా చిన్నపిల్ల కూడా వచ్చి, ఇంకో పక్క గోనె ఎత్తి తన చెయ్యి దూర్చింది.

"అమ్మా, ఎండెక్కుతున్నది," అన్నాడు జీతగాడు.

"ఉండురా," అన్నారు ఆమె.

పని ఆలస్యమైతే నాకు కోపంతో ఒళ్లు తెలియదు. అయినా తలుపుకు ఆనుకుని నిలబడ్డాను. నానమ్మ చెయ్యి ఒక పక్క, పిల్ల చెయ్యి ఒక పక్క, రెండూ ఆ గింజల్లో ఎక్కడో కలిసే ఉంటాయి. ఎత్తిన గోనె సందులోంచి సన్నటి ఆవిరి చలిగాలిలోకి లేస్తోంది.